ఫియట్ శేషం



అరణ్యపర్వం కథ మీకు తెలియనిది కాదు. నన్నయ భట్టారకుడు భారతాంధ్రీకరణకు పూనుకొని, ఆది సభా పర్వాలు ముగించి, అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం నడుమ ఆగిపోయాడు. తిక్కన సోమయాజి ఆ మిగులు జోలికి పోక విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఆ నడిమి ఖాళీని పూరించడానికి ఎఱ్ఱాప్రెగడ రావలసి వచ్చింది. ఆయన నన్నయ ధోరణిలో అందుకొని, మెల్లమెల్లగా తిక్కన ధోరణిలోకి మరలి, చదువరికి అతుకు కనబడకుండా పర్వాన్ని ఒడ్డు చేర్చాడు. అంతకన్న గొప్ప సంగతి ఒకటున్నది. ఆ శేషాన్ని ఆయన తన ప్రభువుకు అంకితమీయలేదు. రమారమి మూడు వందల ఏళ్లనాటి రాజరాజ నరేంద్రునికే అంకితమిచ్చాడు. మొదలుపెట్టినవాడి పనిని మొదలుపెట్టినవాడి పేరనే ముగించాడన్నమాట. తెలుగు పండితునిగా బడిలో ఉన్నన్నాళ్లూ ఏటేటా ఈ పాఠం చెప్పాను. చెప్పినంత సులువుగా చేయలేమని ఈ మధ్యనే తెలిసివచ్చింది.

గత మాఘమాసంలో నేనూ ఒక శేషాన్ని పూర్తిచేసాను. అది కావ్యం కాదు, కారు.

1969లో బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారంలో తయారైన ఫియట్ 1100 డిలైట్ అది. మా మేనమామ గారిది. ఆయన వైద్యులు. కృష్ణాజిల్లాలో, దివిసీమకు కాస్త ఇవతల ఒక పల్లెలో నలభై ఏళ్లపాటు వైద్యం చేసారు. ఆయన కూతురే నా ఇల్లాలు. మాది మేనరికం. అందుచేత ఆ కారు మేనమామ సొత్తో, మామగారి సొత్తో, ఇల్లాలి పుట్టింటి సొత్తో నేనిప్పటికీ తేల్చుకోలేదు. 1999లో ప్రాక్టీసు మానుకున్నాక, దానిని విప్పి మళ్లీ కొత్తదానిలా నిలబెట్టాలని మామయ్య సంకల్పించారు. విప్పడం పూర్తయింది. ఇంజను మాత్రం మళ్లీ బిగించారు. 2003లో కాలం చేసారు. మిగిలినదంతా పశువుల కొట్టంలో, అటకమీద, హార్లిక్సు సీసాల్లో పదిహేనేళ్లు ఉండిపోయింది. 2018లో నా ఉద్యోగ విరమణ అయ్యాక మా ఆవిడ ఒకనాడు, "బావా, ఇన్నేళ్లూ ఇతరుల పద్యాలకు అర్థాలు చెప్పావు. నాన్న వదిలిపెట్టినది కాస్త పూర్తిచేయరాదూ" అన్నది. అలా మొదలైంది.

*

ముందు ఈ బండి వంశవృక్షం చెప్పాలి.

1937లో ఇటలీలోని ఫియట్ కంపెనీ 508సి అనే చిన్నకారును విడుదల చేసింది. దానిని రూపొందించినవాడు దాంతే జియాకోసా. 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు గల నాలుగు సిలిండర్లు, మొత్తం 1089 ఘనసెంటీమీటర్లు. మా మనుమడిచేత ఈ లెక్క కట్టించాను, అక్షరాలా సరిపోయింది. ఆ కొలతల ఇంజనే కొద్దికొద్ది మార్పులతో 1953లో జెనీవా ప్రదర్శనలో వెలుగుచూసిన కొత్త 1100లోకి వచ్చింది. ఈ కొత్త బండిలో చాసీ వేరుగా, పైన బాడీ వేరుగా ఉండవు. రేకు పెట్టే అస్థిపంజరం, అదే చర్మం. బరువు తగ్గించడానికి ఇది గొప్ప ఉపాయం. కాని రేకు తుప్పుపడితే ఎముక తుప్పుపట్టినట్టే. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

మనదేశంలో ఈ బండిని తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను 1944లో స్థాపించినవాడు వాల్‌చంద్ హీరాచంద్. ఆయనకు తెలుగునేలతో గట్టి సంబంధం ఉన్నది. విశాఖపట్నంలో నౌకానిర్మాణ కేంద్రాన్ని తలపెట్టినది ఆయన సింధియా కంపెనీయే. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ దానికి శంకుస్థాపన చేసారు. 1948లో అక్కడ కట్టిన 'జల ఉష' నౌకను నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఓడ, విమానం, మోటారు - మూడూ ఈ దేశంలోనే తయారు కావాలన్నది ఆయన పంతం. బెంగుళూరులో 1940లో విమానాల కర్మాగారం పెట్టించినదీ ఆయనే. ప్రీమియర్ వారు మొదట అమెరికా క్రైస్లర్ కంపెనీ బండ్లను బిగించి, 1950ల తొలినాళ్లలో ఫియట్‌తో చేయి కలిపారు. 1953లో వాల్‌చంద్ పోయారు. 1954 నుండి కుర్లాలో ఫియట్ 1100 మొదలైంది. ముందు తలుపులు వెనుకకు తెరుచుకొనే ఆ తొలి బండిని బొంబాయి జనం 'డుక్కర్ ఫియట్' అన్నారు. డుక్కర్ అంటే మరాఠీలో పంది. ముక్కు చూసి పెట్టిన పేరు కాబోలు. తిట్టులో కూడ ఎంత ముద్దున్నదో చూడండి.

అది స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దం. 1949లోనే తయారైన కార్ల దిగుమతిని నిషేధించారు. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చాక, విదేశం నుండి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించడంతో సరిపుచ్చుకొనే కంపెనీలకు చోటు లేకపోయింది. జనరల్ మోటార్స్ 1954లో ఇక్కడి కర్మాగారం మూసుకున్నది. మిగిలినవి ముఖ్యంగా మూడు: ఉత్తరపాడాలో అంబాసిడర్ చేసే హిందూస్థాన్ మోటార్స్, కుర్లాలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. ఎన్ని బండ్లు చేయాలో లైసెన్సు చెప్పేది, ఎంతకు అమ్మాలో ప్రభుత్వం చెప్పేది, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో వరుస చెప్పేది. కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడటం అప్పట్లో వింత కాదు.

1964లో కుర్లాలో డిలైట్ మొదలైంది. ఇటలీలో 1962లో వచ్చిన 1100డి దీనికి మాతృక. 1970ల తొలినాళ్లలో కొద్దికాలం 'ప్రీమియర్ ప్రెసిడెంట్' అని, 1974 నుండి 'ప్రీమియర్ పద్మిని' అని పేర్లు మారాయి. ఆ పేరు చిత్తోడు రాణి పద్మినిది, 1540లో జాయసీ రచించిన పద్మావత్ కావ్య నాయికది. మన అలంకార, కామశాస్త్రాలు చదివినవారికి పద్మినీ, చిత్తినీ, శంఖినీ, హస్తినీ అనే నాలుగు జాతులలో మొదటిది స్ఫురిస్తుంది. హస్తిని ఎవరో అంబాసిడర్ వెనుక సీటులో కూర్చున్నవారికి చెప్పనక్కరలేదు!

ఒక విచిత్రం గమనించండి. 1969లో ఇటలీలో 1100 వంశం ముగిసి, దాని చోట 128 అనే కొత్త బండి వచ్చింది. మా మామయ్య బండి పుట్టింది ఆ ఏడాదే. కన్నతల్లి ఇంట దీపం కొండెక్కిన నాడే పెంపుడింట పెళ్లిపందిరి వేసినట్టయింది. ఇక్కడ అది మరో మూడు దశాబ్దాలు దాదాపు అదే రూపంతో తయారవుతూ పోయింది. దేశం ముందుకు కదలలేదనడానికి దీనినే రుజువుగా చూపేవారున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. పోటీ లేనిచోట మెరుగు ఉండదు. 1983 డిసెంబరు 14న మొదటి మారుతీ 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఒక సామాన్యునికి అందినప్పుడు, జనం ఫియట్ వరుసలోంచి ఎలా కదిలిపోయారో మా తరం చూసింది.

ఐతే ఆ కదలనితనానికి మరో ముఖం ఉన్నది. ముప్పై ఏళ్లపాటు మారని బండిని ఊరూరా మేస్త్రీలు పద్యంలా కంఠతా పట్టారు. బెజవాడ ఆటోనగర్‌లో మా బండి పని చేసిన మేస్త్రీకి డెబ్బై దాటాయి, చూపు తగ్గింది. కార్బురేటర్ విప్పి జెట్టు వేలికొసలతో తడిమి, "మాష్టారూ, ఇది మన బండిది కాదు, ఎవరో మార్చారు" అన్నాడు. పుస్తకం చూడలేదు, కొలత పెట్టలేదు. పాఠాంతరాన్ని ఛందస్సుతో పట్టుకున్న పండితుణ్ణి చూసినట్టనిపించింది నాకు.

*

చిన్నకారు అంటే ఆనాటి మధ్యతరగతికి ఏమిటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1964లో ప్రధానమంత్రి ఐన లాల్‌బహదూర్ శాస్త్రి గారికి సొంత కారు లేదు. పిల్లలు అడిగారని ఫియట్ కొనబోతే వెల 12,000 రూపాయలు, చేతిలో ఉన్నవి 7,000. తక్కిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. అది తీరకుండానే 1966 జనవరి 11న తాష్కెంటులో కన్నుమూసారు. ఆ అప్పును లలితాశాస్త్రి గారు తమ పింఛను నుండి తీర్చారు. డి.ఎల్.ఇ. 6 అనే నంబరు గల ఆ కారు ఢిల్లీలోని శాస్త్రిగారి స్మారక భవనంలో ఉన్నది. అక్కడికి వచ్చినవాడు రంగు తళతళలాడుతున్నదా అని చూడడు, ఆ 5,000 రూపాయలు తలచుకుంటాడు.

మా మామయ్యదీ అటువంటి కొనుగోలే. 1972లో, మూడేళ్లు నడిచిన ఈ బండిని పాతధరకు కొన్నారు. ముందు సీటు ఒకే బల్ల, ముగ్గురు పట్టేవారు. గేరు కడ్డీ స్టీరింగు పక్కన. ఆ బల్లమీద నడుమ కూర్చొని నేను చూసిన రాత్రులున్నాయి. పురుటినొప్పులు పడుతున్న ఇల్లాలు వెనుక సీట్లో, ఆమె తల్లి ఏడుపు, గుడివాడ రోడ్డు గుంతలు, మామయ్య ఒక్క మాట మాట్లాడకుండా గేరు మార్చడం.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లమీదికి వచ్చింది. అధికారిక లెక్కలోనే పదివేలమందికి తక్కువ కాకుండా పోయారు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు, ఓరియంటల్ కళాశాలలో చదువుతున్నాను. మూడోనాడు మామయ్య దగ్గరకు చేరాను. పడిన చెట్లు నరికి దారి తెరిచినంత మేర ఫియట్ వెళ్లేది. అక్కడ దింపి, భుజాన మందుల పెట్టె పెట్టుకొని నడిచేవాళ్లం. తిరుగుదారిలో గాయపడినవారిని ఎక్కించుకొనేవాళ్లం. ఎన్ని రోజులో లెక్కలేదు. ఉప్పునీటి బురదలో చక్రాలు సగానికి మునిగేవి. నేను చూసినవి ఇక్కడ రాయను, రాయలేను. ఆ పనులన్నీ సద్దుమణిగాక మామయ్య బండిని కాలువలో దింపి గంటసేపు కడిగారు. కడిగితే పోయే ఉప్పు కాదని మాకప్పుడు తెలియదు.

ఆ తరువాత బేరాలు వచ్చినా ఆయన దానిని అమ్మలేదు. ఎందుకు అమ్మరని ఎవరడిగినా, "అది నాతో వచ్చింది కదా" అనేవారు. అంతే.

*

ఇక జీర్ణోద్ధరణ సంగతి. జీర్ణమైన దానిని ఉద్ధరించడం, అనగా పైకి ఎత్తడం. మన శాసనాల్లో ఈ మాట ఆలయాలకు వాడతారు. కూల్చి కొత్తది కట్టడం వేరు, ఉన్నదానిని నిలబెట్టడం వేరు. ఆ తేడా మాట వరకు నాకు బాగా తెలుసు. చేతిలోకి వచ్చేసరికి తడబడ్డాను.

మామయ్య ప్రతి భాగానికీ తన మందులచీటీ కాగితం ఒకటి దారంతో కట్టి ఉంచారు. నూట నలభై మూడు చీటీలు. ఏది ఎక్కడిది, ఎటు తిప్పి బిగించాలి, ఏది మార్చాలి అన్నీ తెలుగులో రాసారు. ఐతే అది డాక్టరు గారి దస్తూరి! తాళపత్రాలు చదివానన్న గర్వం నాకు ఉండేది. ఆ చీటీల ముందు అది దిగిపోయింది. అక్షరాలకు తలకట్లు లేవు, కొమ్ములు లేవు, ఒక్కొక్క మాట ఒక్కొక్క గీత. ఐనా ఒక పుస్తకం పెట్టుకొని, చీటీ చీటీకి సంఖ్య వేసి, చదవగలిగినది రాసి, చదవలేనిచోట చుక్కలు పెట్టాను. గ్రంథపాతం ఉన్నచోట పరిష్కర్తలు చేసే పని అదే.

ఎడమవైపు తలుపు కింది పట్టీకి కట్టిన చీటీలో మూడు నాలుగు మాటలున్నాయి. 'ఉప్పు' అన్న ఒక్క మాటే నాకు తెలిసింది. ఉప్పుకాగితంతో రుద్దమని కాబోలు అనుకున్నాను. చుక్కలు పెట్టవలసినచోట నా ఊహ పెట్టాను. ఇన్నేళ్ల చదువులో నేను చేసిన అతి పెద్ద తప్పు అది.

బాడీని రంగు పనివారికి అప్పగించాను. ఆ షెడ్డు పేరు ఇక్కడ అక్కరలేదు. బయానా తీసుకున్నారు, కరోనా కాలం కూడ కలిసి ఎన్నో నెలలు ఉంచుకున్నారు. ఉప్పుకాగితంతో రుద్దమన్నాను, రుద్దారు. పుట్టీ పెట్టారు, ప్రైమరు కొట్టారు. చేయి పెడితే అద్దంలా జారింది. ఇంటికి తెచ్చిన ఏడాదికి తలుపుల కింద ప్రైమరు పొక్కులు లేచింది. గోటితో గీకితే వేలు మందాన పుట్టీ పెళ్లగా ఊడివచ్చింది. లోపల రేకు లేదు, ఎర్రటి పొడి ఉన్నది.

ఆనాడు నాకు ఆ చీటీ గుర్తొచ్చింది. మామయ్య దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన కాంపౌండరు గారు ఇంకా ఉన్నారు, ఎనభై అయిదు దాటాయి. చీటీ పట్టుకొని వెళ్లాను. ఆయన కళ్లజోడు కూడ పెట్టుకోలేదు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి గడగడా చదివారు:

"ఉప్పెన తుప్పు. కోయవలె. కప్పరాదు."

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. పుండు సంగతి తెలిసిన వైద్యుని మాట అది. పైన కట్టు కట్టి అందంగా కనిపించేలా చేస్తే లోపల చీము పెరుగుతుంది. కప్పింది షెడ్డువారి చేయి, కప్పమన్నది నా తెలివి. చదవలేని చోట ఊహను అతికించి అదే మూలమని నమ్మించడం, గ్రంథ పరిష్కరణలో మేము ఎంతగానో తిట్టిపోసే దోషం. 'ఈ పద్యం ప్రక్షిప్తం' అని విద్యార్థులకు వేలెత్తి చూపేవాడిని. నా ప్రక్షిప్తం కిలోల లెక్కన పుట్టీగా రాలింది.

బ్రౌన్ దొర చేసినది తలచుకొని మళ్లీ మొదలుపెట్టాను. ఆయన వేమన పద్యాలను 1829లో అచ్చువేసినా, 1851లో జూలూరి అప్పయ్య గారి వ్యాఖ్యతో మనుచరిత్ర వెలువరించినా, ఆయన పద్ధతి ఒకటే. ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ తెప్పించాలి, తెలిసినవారిని కూర్చోబెట్టాలి, సరిపోల్చాలి. కాంపౌండరు గారిని మా ఇంట నాలుగు రోజులు కూర్చోబెట్టి నూట నలభై మూడు చీటీలూ మళ్లీ చదివించాను. నేను పదకొండింటిని తప్పు చదివానని తేలింది.

ఆటోనగర్ మేస్త్రీ బాడీని పక్కకు వాల్చి, కుళ్లిన రేకు అంతా కోసివేసాడు. ఎంతవరకు కోయాలో సుత్తితో తట్టి చెవితో తేల్చాడు. మంచి రేకు గంటలా మోగుతుంది, చచ్చిన రేకు కుండపెంకులా పలుకుతుంది. అదే మందం రేకు తెచ్చి, పాత వంపు వచ్చేలా మడిచి వెల్డింగు పెట్టాడు. ఆ అతుకు సున్నితంగా అరగదీసినా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. "పుట్టీ వేస్తే కనబడదు మాష్టారూ" అన్నాడు. వద్దన్నాను. లోపలివైపు అతుకు గీతను అలాగే ఉండనిచ్చాము.

తక్కిన పని తేలికగా సాగింది. పద్మిని బండ్లు అంతకాలం మారలేదు గనుక పిస్టన్లు, రింగులు, బ్రేకు రబ్బర్లు, గ్యాస్కెట్లు ఇంకా వెతికితే దొరుకుతాయి. ముందుజాలీ మాత్రం డిలైటుది వేరు. పద్మినిది పెట్టేద్దామన్నారు. ఒప్పుకోక రెండేళ్లు ఆగాను. చివరకు సొట్టలు పడిన పాతదానినే సాపు చేయించి నికెలు పూత పెట్టించాము. అలా ఆగినకాలంలోనే, 2023 అక్టోబరు 30న, బొంబాయి వీధుల నుండి చివరి పద్మిని టాక్సీ తప్పుకున్నదని వార్త చదివాను. 2003లో రిజిస్టరైన బండి, టాక్సీలకు నిర్ణయించిన 20 ఏళ్లు నిండాయి. నలుపు పసుపు రంగుల ఆ బండ్లు లేని బొంబాయిని నేను ఊహించలేకపోయాను.

*

చివరి చిక్కు రంగు దగ్గర వచ్చింది.

మామయ్య పుస్తకంలో పనుల వరుస ఉన్నది. ఇంజను, బ్రేకులు, తుప్పు, వైరింగు, సీట్లు. ప్రతిదాని ఎదుటా వివరం. ఆఖరున 'రంగు' అని రాసి, గీత గీసి, వదిలివేసారు. గీత తరువాత ఖాళీ.

మాకందరికీ తెలిసిన బండి లేత నీలం. కాని డాష్‌బోర్డు వెనుక, డిక్కీ మూలల్లో నీలం కింద బూడిదరంగు బయటపడింది. 1969లో కుర్లాలో వేసినది అదే. నీలం మామయ్య 1975లో వేయించినది. నేను పండితుణ్ణి గదా, మూలపాఠమే శరణ్యమన్నాను. ప్రభుత్వం 2021లో వింటేజి వాహనాలకు పెట్టిన నియమాలు కూడ చదివాను. తొలి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏళ్లు దాటి, చాసీలో బాడీలో ఇంజనులో గణనీయమైన మార్పు లేక, మూలరూపంలో ఉన్న వాహనమై ఉండాలి. కొత్తగా రిజిస్టరు చేస్తే నంబరులో 'వి.ఎ.' అక్షరాలు వస్తాయి, పాత నంబరు ఉన్నవారు అదే ఉంచుకోవచ్చు. రోజువారీ తిరుగుడుకు మాత్రం పనికిరాదు. మూలరూపం అన్న ఆ మాట నాకు బలమిచ్చింది. బూడిదరంగే అని తీర్మానించాను.

మా ఆవిడ అంతా విని, "బావా, నువ్వు బాగుచేస్తున్నది కంపెనీవాళ్లు చేసిన బండినా, నాన్న నడిపిన బండినా?" అన్నది.

ఈ ప్రశ్నకు జవాబు ఏ లక్షణగ్రంథంలోనూ లేదు. మూలం అంటే ఏది? కవి తొలిసారి రాసినదా, కవే దిద్దుకున్నదా, జనం నాలుకల మీద నిలిచినదా? ఉప్పెనలో మనుషులను మోసినది నీలం బండి. పురిటికి బయలుదేరిన ఇళ్లలో 'డాక్టరుగారి నీలం కారు వచ్చింది' అన్న మాటే ధైర్యం. కుర్లా వారి బూడిదరంగు బండిని ఆ పల్లెల్లో ఎవరూ ఎరుగరు. ఎఱ్ఱన నన్నయకు ముందున్న వ్యాసుని దగ్గరకు తిరిగి పోలేదు. నన్నయ ఆగినచోట నుండే నడిచాడు.

నీలమే వేయించాము. డిక్కీ మూత లోపలివైపు జానెడు మేర బూడిదరంగును ముట్టకుండా వదిలాము. అడిగినవారికి చూపించవచ్చు. నా పుస్తకంలో ఏది పాతది, ఏది కొత్తది, ఎక్కడ కోసాము, ఎక్కడ నేను తప్పు చదివాను అన్నీ రాసి బండి అరలోనే పెట్టాను. ఇకముందు ఎవరైనా దీనిని విప్పితే నా పుట్టీ నమ్మి మోసపోరాదు. వింటేజి దరఖాస్తు ఇంకా పెట్టలేదు. కోసి అతికిన రేకును చూసి అధికారులు ఏమంటారో వారి ఇష్టం. ఆ అతుకు దాచను.

*

మాఘ పౌర్ణమి నాడు మా దొడ్లోనే స్టార్టు చేసాము. రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకున్నది. ఆ చప్పుడు వినగానే కాంపౌండరు గారు అలవాటుగా మందుల పెట్టె కోసం కుర్చీ పక్కన చేయి చాచారు. ఎవరూ నవ్వలేదు.

మా ఆవిడ ముందు బల్లమీద కూర్చున్నది, మనుమడు నడుమ. గేటు దాకా వెళ్లి వెనుకకు వచ్చాము. ఆమె దిగాక, "అంతా అలాగే ఉంది. వాసనే లేదు" అన్నది. స్పిరిటు, డెట్టాలు, చుట్టపొగ కలిసిన వాసన. పాత సీట్ల రెక్సిను మార్చినప్పుడే అది పోయింది. రెండు చుక్కల డెట్టాలు చల్లితే రావచ్చునేమో. చల్లలేదు. అక్కడ చుక్కలే ఉండనిచ్చాను.

పుస్తకం మొదటి పుటలో పేరు రాయవలసి వచ్చింది. మేస్త్రీ పేరు, కాంపౌండరు గారి పేరు, పనివాళ్ల పేర్లు వరుసగా రాసి, వాటి పైన మామయ్య పేరు రాసాను. పని ఆయనది. శేషం మాత్రమే మాది.

మీ ఇళ్లల్లో, మీ తాతల కొట్టాల్లో పాత ఫియట్లో, స్టాండర్డులో, వాటికి కట్టిన చీటీలో ఉంటే వ్యాఖ్యల్లో తప్పక తెలియజేయండి. చీటీలు ఉంటే మాత్రం, చదవగలిగినవారు ఉండగానే చదివించుకోండి.